మూడు రెసిస్టర్లు

ఫిబ్రవరి 10

ఉదయం పదకొండున్నరకు చిప్ లేఅవుట్ తైవాన్‌లో చిప్‌లు తయారుచేసే ఫౌండ్రీకి వెళ్లిపోయింది. గంగాప్రసాద్ గారు ఫోన్ చేసి, "అయిపోయింది రజనీ. ఇగ మూణ్నెళ్లు ఎదురుసూసుడే" అన్నారు. కంపెనీ ఆయనదే. చర్లపల్లిలో పన్నెండు మందిమి. మా ఆయన సునీల్‌కు కరెంటు డిపార్టుమెంటులో ఇక్కడికి బదిలీ అయినప్పటి నుంచి నేను మాత్రం జగిత్యాల నుంచే పనిచేస్తున్నాను. పదిహేను రోజులకోసారి బస్సెక్కి ల్యాబ్‌కు వెళ్లివస్తాను.

వాతావరణ రాడార్‌లో వాడే యాంప్లిఫయర్ ఇది. గాలియం ఆర్సెనైడ్ మీద నేను పనిచేసిన ఆరో చిప్. మొత్తం నా పేరు మీద చేసింది మాత్రం ఇదే మొదలు. మూడు మిల్లీమీటర్ల ముక్క. చివరి వారంలో దాని వెడల్పు అరవై మైక్రాన్లు తగ్గించాల్సి వచ్చింది. అక్కడక్కడా చిన్న సర్దుబాట్లు చేశాను. సాఫ్ట్‌వేర్ చెకింగ్‌లో ఒక్క తప్పు కూడా రాలేదు. రివ్యూలో అందరూ సంతకాలు పెట్టారు.

సునీల్ మిఠాయి తెచ్చాడు. డైరీ మానేసి రెండేళ్లయింది. చేతిలో పెద్ద పని లేదు కాబట్టి మళ్లీ మొదలుపెట్టాను.

మార్చి 4

రాయడానికేమీ లేదు. ఎండలు ముందే వచ్చాయి.

మే 7

చిప్స్ వచ్చాయి. నేను ల్యాబ్‌లోనే ఉన్నాను. పెట్టె యోహాను విప్పాడు.

యోహాను మా టెస్ట్ ఇంజనీరు. కోరుట్ల అబ్బాయి, ఏడాది కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఈ చిప్స్ సిలికాన్ కంటే పెళుసు. పైగా వెంట్రుక మందానికి పలచన చేసి పంపిస్తారు. పట్టకారు కాస్త గట్టిగా నొక్కితే మూల రాలిపోతుంది. పది చిప్స్ ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే తీసి, బంగారు పూత పలకల మీద వెండి జిగురుతో అతికించాడు. ఒక్కటీ విరగలేదు. ఆ పలకనే ఫిక్చర్ అంటాం. చిప్‌కు కరెంటు, సిగ్నల్ అన్నీ దాని మీదుగానే వెళ్తాయి.

"రేపు కరెంట్ ఇద్దాం మేడం. జిగురు ఆరాలె" అన్నాడు.

బస్సులో నిద్రపట్టింది.

మే 9

యోహాను పొద్దున ఫోన్ చేశాడు.

"మేడం, సిగ్నల్ ఇయ్యకముందే కరెంట్ దుంకుతున్నది. కుదురుగ నిలుస్తలేదు. ఆరు గిగాహెర్ట్జ్ కాడ సన్నగ ఒక గీత లేస్తున్నది, మల్ల పోతున్నది."

అంటే చిప్ తనంతట తానే మోగుతోంది. యాంప్లిఫయర్ అలా చేయకూడదు. ఇచ్చిన సిగ్నల్‌ను పెంచాలి, తానుగా పుట్టించకూడదు.

"ఎన్ని చిప్‌లల్ల?"

"నాలుగు చూసిన. నాలుగింట్ల."

ఫిక్చర్ చూసుకోమన్నాను. కింద జిగురు సరిగా పరుచుకోకపోతే, తీగలు పొడవైతే, ఇలాగే అవుతుంది. చాలాసార్లు చూశాను.

మే 12

వీడియో మీటింగ్. పది చిప్స్‌లోనూ అదే. కంప్యూటర్ సిమ్యులేషన్ గ్రాఫులు చూపించాను. ఇటు చివర నుంచి చూసినా, అటు చివర నుంచి చూసినా డిజైన్ నిలకడగానే ఉంది. గ్రాఫులో ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

గంగాప్రసాద్ గారు యోహానును అడిగారు: "మరి నీ ఫిక్చరేనా?"

అతను అన్నాడు: "కావచ్చు సార్. ఇంకో తీరుగ చేసి చూస్త."

ఫిక్చరే అయి ఉంటుంది.

మే 16

కొత్త ఫిక్చర్. అదే ఫలితం.

మే 21

మూడో ఫిక్చర్. ఈసారి తీగలు సగానికి తగ్గించాడట. అదే ఫలితం. ఫిక్చరే అయి ఉంటుంది. మరొకటి చేయమన్నాను.

మే 26, వేములవాడ

తమ్ముడు రాకేశ్ కొడుకుకు పుట్టువెంట్రుకలు. నిన్న సాయంత్రమే సిరిసిల్లలో పుట్టింటికి చేరాను. ఇంటి వెనక షెడ్డులో నాలుగు సాంచాలు, అదే మరమగ్గాలు, నడుస్తుంటే మాట వినపడదు. బాపు పరశురాములు ఇప్పటికీ మాట్లాడాల్సిన దానికంటే గట్టిగానే మాట్లాడతాడు. పొద్దున అందరం ఆటోలో ఇక్కడికి వచ్చి లాడ్జిలో రూము తీసుకున్నాం. కోడె మొక్కుకు లైను పొడుగ్గా ఉందన్నారు. ఖాళీగా కూర్చోవడమెందుకని ల్యాప్‌టాప్ తెరిచాను.

చివరి దశలో నాలుగు ట్రాన్సిస్టర్లు పక్కపక్కన ఉంటాయి. నాలుగూ ఒక్కటిగా పనిచేయాలి. ఒక్కోసారి వాటిలో అవే, ఒకటి పైకి ఒకటి కిందికి, ఊగడం మొదలుపెడతాయి. బయటి రెండు చివరల నుంచి చూసే పరీక్షకు ఇది కనబడదు. అలా ఊగకుండా పక్కపక్క ట్రాన్సిస్టర్ల మధ్య చిన్న రెసిస్టర్లు పెడతాం. నాలుగింటికి మూడు.

లేఅవుట్‌లో ఆ మూడూ లేవు.

పాత వెర్షన్ల జాబితా తీశాను. ఫిబ్రవరి 6, సాయంత్రం 5:40. మార్చినవారు: రజని. వివరం: స్థలం సర్దుబాటు. రివ్యూ జరిగింది ఫిబ్రవరి 4న.

అవి లేకుండా సిమ్యులేషన్‌లో లోపలి పరీక్ష నడిపించాను. 6.1 గిగాహెర్ట్జ్ దగ్గర శిఖరం వచ్చింది. యోహాను కొలిచిందీ 6.1.

రాకేశ్ భార్య మంజుల తలుపు కొట్టింది. "వదినా, మన వంతు అచ్చింది. జల్ది రా. గా కంప్యూటర్ ఎటు పోదు."

వెళ్లాను. గుడి చుట్టూ తిప్పే కోడె తాడు నా చేతికి కూడా ఇచ్చారు. పిల్లాడు గుండుతో బాగున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మంజుల అడిగింది: "నువ్వు చేసే చిప్పుల పాషాణం ఉంటదంట గద వదినా, నిజమేనా?"

"ఉంటది. ఆర్సెనిక్ అంటే గదే. గాలియంతోని కలిసి ఉంటది. బయటికి రాదు."

మే 27

సిమ్యులేషన్‌లో మోడల్ సరిగా లేకపోవచ్చు. ఫౌండ్రీ ఇచ్చిన మోడళ్లలో తప్పులుంటాయి.

మే 28

మళ్లీ నడిపించాను. 6.1.

మే 30

ఒక్క సిమ్యులేషన్‌తో ఏదీ తేల్చలేం. కొలతలు పూర్తయ్యాక మాట్లాడటం పద్ధతి.

జూన్ 1, ఆదివారం

పదకొండు గంటలకు గేటు చప్పుడైంది. యోహాను. భుజాన బ్యాగు, చేతిలో థర్మాకోల్ పెట్టె. కోరుట్లకు పోతూ మధ్యలో దిగాడట. పెట్టెలో నాలుగు ఫిక్చర్లు, వాటి మీద చిప్స్.

"ఒక్కసారి మీ కండ్లతోని చూడుండ్రి మేడం. నాకు ఏం దొరుకుతలేదు."

హాల్లో టేబుల్ మీద పరిచి భూతద్దంతో చూశాను. తీగలు అన్నీ ఒకే పొడవు. జిగురు ఎక్కడా పొంగలేదు. ఇంత శుభ్రమైన పని నేను ఇంకెక్కడా చూడలేదు. ప్రతి ఫిక్చర్‌కు ఒక నోట్‌బుక్ రాశాడు, తేదీ, టైము, ల్యాబ్‌లో వేడి ఎంతో సహా.

"మంచిగనే ఉన్నయి" అన్నాను.

"మంచిగుంటే గిట్ల ఎందుకైతది మేడం? నా చేతిలనే ఏదో ఉన్నది. మీ డిజైన్ మూణ్నెల్ల కష్టం. నా వల్ల ఆగుడు నాకు మంచిగ అనిపిస్తలేదు. ఏమనుకోకుండ్రి."

సునీల్ వంటింట్లోంచి అన్నం తినిపొమ్మని పిలిచాడు. పప్పుచారు, వంకాయ. తలవంచుకుని తిన్నాడు. ఇంకాస్త వేసుకోమన్నాను. రెండు గంటల బస్సుకు వెళ్లాడు. సునీల్ బండి మీద బస్టాండ్‌లో దింపి వచ్చాడు.

"మంచి పోరడు. గట్ల బుగులు పడుతున్నడేంది?" అన్నాడు సునీల్.

పని ఒత్తిడి అన్నాను.

జూన్ 2

నిన్న పప్పుచారులో ఉప్పు ఎక్కువైంది.

జూన్ 5

వాన. పై గదిలో కిటికీ దగ్గర నీళ్లు కారుతున్నాయి. మేస్త్రీకి చెప్పాలి.

జూన్ 10

గంగాప్రసాద్ గారు: "యోహాను కాంట్రాక్టు ఈ నెలతోని అయిపోతది. ఇగ ఆపుదామనుకుంటున్న. పని చేస్తడు గని, గీ హై ఫ్రీక్వెన్సీకి ఆయన చెయ్యి సరిపోతలేదు. నువ్వేమంటవ్?"

చూద్దాం సార్ అన్నాను.

చూద్దాం సార్ అన్నాను. అదే మాట. ఇంకేమీ అనలేదు.

జూన్ 12

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. ఫిబ్రవరి 10న రాశాను: రివ్యూలో అందరూ సంతకాలు పెట్టారు. పెట్టారు, నిజమే. నాలుగో తేదీ నాటి లేఅవుట్ మీద. నేను మార్చింది ఆరో తేదీన. ఇక్కడ నన్ను చదివేవాళ్లు ఎవరూ లేరు. అయినా అలాగే రాశాను.

మధ్యాహ్నం మూడు గంటలకు గంగాప్రసాద్ గారికి ఫోన్ చేశాను. ముందు కాగితం మీద రాసుకుని చదివాను. రివ్యూ తర్వాత మూడు రెసిస్టర్లు నేనే తీసేశాను, మళ్లీ ఎవరికీ చూపించలేదు, చిప్ మోగడానికి కారణం అదే, ఫిక్చర్లలో తప్పు లేదు.

ఆయన మొదట అడిగింది:

"ఎప్పటిసంది తెలుసు?"

"మే ఇరవై ఆరు."

"తప్పు చేసినవ్, సరే. నేను కూడ చేసిన, ఒకటి రెండు కాదు. గీ పదిహేడు రోజులు గా పోరన్ని ఎందుకు తిప్పలు పెట్టినవ్?"

జవాబు కాగితం మీద రాసుకోలేదు.

"ఆయనకు నేను ఫోన్ చేస్త. రేపు రిపోర్ట్ పంపు, అండ్ల ఏం దాచకు. ఇగ తర్వాతి ప్రాజెక్టు నీ చేతికి ఇయ్యను. గిది సరిచేసి పంపు, తర్వాత చూద్దాం."

సాయంత్రం సునీల్‌కు చెప్పాను. షూస్ విప్పుతూ విన్నాడు. "గా ఆదివారం నీకు తెలుసా మరి?" అన్నాడు. తెలుసన్నాను. రెండో షూ విప్పకుండా అలాగే కూర్చున్నాడు.

జూన్ 13

రిపోర్ట్ పంపాను. ఒకటిన్నర పేజీ.

యోహానుకు సార్ నిన్ననే ఫోన్ చేశారట. కాంట్రాక్టు పొడిగిస్తామంటే వద్దన్నాడట. పుణెలో వేరే ఉద్యోగానికి ఒప్పుకున్నాడట. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

జూన్ 15, ఆదివారం, కోరుట్ల

అడ్రసు ఆఫీసు నుంచి తీసుకున్నాను. సునీల్ వస్తానన్నాడు, వద్దన్నాను. గల్లీ చివర రెండు గదుల రేకుల ఇల్లు. వాకిట్లో వాళ్లమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"కూసో బిడ్డా. యోహానుతోని పని చేస్తవా?" అని లోపలికి కేకేసింది.

యోహాను వచ్చి గడపలో నిలబడ్డాడు. కూర్చోలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను.

"సార్ అంత చెప్పిండు మేడం" అన్నాడు. "నాకు ఒక్కటే చెప్పుండ్రి. మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇరవై ఆరు నాడు. వేములాడల."

"నేను ఒకటో తారీఖు మీ ఇంటికచ్చిన."

"అవును."

"ఫిక్చర్లన్ని భూతద్దం వెట్టి చూసిండ్రు."

"అవును."

"పప్పుచారు పోసిండ్రు. ఇంకింత వేసుకో అన్నరు." గొంతు పెంచలేదు. "నేను తింటున్నప్పుడు మీకు తెలుసన్నట్టు."

"తెలుసు."

వాళ్లమ్మ చెయ్యి ఆగింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏందిరా?"

యోహాను నాతోనే అన్నాడు: "మా అమ్మ చర్చిల లేసి చెప్పింది మేడం. మా కొడుకు చేతిల పని ఖరాబైంది, ప్రార్థన చేయుండ్రని. రెండు ఆదివారాలు చేసిండ్రు. మా నాయన గల్లీల ఎవ్వలికి మొఖం చూపెట్టలేదు. ఇప్పుడు నేను చెప్తే ఎవ్వలు నమ్మరు. గామెకు మీరే చెప్పుండ్రి."

చెప్పాను. గాలియం ఆర్సెనైడ్ అనలేదు. మీ అబ్బాయి అతికించినవి సరిగ్గానే ఉన్నాయి, లోపల నేను మూడు ముక్కలు తీసేశాను, తప్పు నాదని తెలిసి కూడా చెప్పలేదు అన్నాను.

"మా పోరడు చేయలేదన్నట్టు?"

"చేయలేదు."

"మల్లొకసారి చెప్పు."

"మీ కొడుకు ఏ తప్పు చేయలేదు. తప్పు నాది."

ఆమె చాటను పక్కన పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను.

"గీ మాట చర్చికచ్చి చెప్తవా?" అంది.

యోహాను "అమ్మా" అన్నాడు.

"నువ్వూకో. నేను నలుగుట్ల చెప్పిన. గామె కూడ నలుగుట్ల చెప్పాలె."

జూన్ 18

సునీల్ అడిగాడు, పోతావా అని. తెలియదన్నాను. తెలుసు, పోను. వాళ్లెవరికీ నేను తెలియదు, చిప్ అంటే ఏమిటో తెలియదు. రిపోర్టులో అంతా రాశాను, అది చాలు.

జూన్ 22, ఆదివారం

వెళ్లాను.

యాభై మందికి పైనే ఉంటారు. ఆడవాళ్ల వైపు చాప మీద ఆమె పక్కనే కూర్చున్నాను. పాటలయ్యాక పాస్టరు గారు నన్ను పిలిచారు. లేచాను. కాగితం తీసుకెళ్లలేదు.

"నా పేరు రజని. మాది సిరిసిల్ల. యోహాను నేను ఒక్క కంపెనీల పనిచేసినం. యోహాను పని ఖరాబు చేసిండని మీరు ప్రార్థన చేసిండ్రు. ఆయన చేయలేదు. నేను చేసిన. చేసి, ఆయన మీదికి పోతాంటె ఊకున్న."

అంతే చెప్పాను. ఒక ముసలాయన "ఆమెన్" అన్నాడు, అలవాటు కొద్దీ కావచ్చు. వెనక ఒకామె పక్కామెను "ఏం పని?" అని అడగడం వినబడింది. "చిప్పుల పని" అని రెండో ఆమె జవాబు చెప్పింది.

యోహాను రాలేదు. ఆ ముందురోజే పుణె వెళ్లిపోయాడట. వాళ్ల నాన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, తెల్ల చొక్కా వేసుకుని. వచ్చినవాళ్లందరితోనూ వాళ్లు బయటికి వెళ్లేటప్పుడు చెయ్యి కలిపాడు. నాతో కలపలేదు. చెప్పులు వెతుక్కుంటుంటే మాత్రం, "మీయి గటు మూలకున్నయి" అని చూపించాడు.

జూలై 11

కొత్త లేఅవుట్ పంపాం. మూడు రెసిస్టర్లు వాటి చోట ఉన్నాయి. వెడల్పు తగ్గించడానికి ఒక కెపాసిటర్‌ను మడతపెట్టాల్సి వచ్చింది, తొమ్మిది రోజులు పట్టింది. ఫిబ్రవరిలో ఆ తొమ్మిది రోజులు నా దగ్గర లేవు. అడిగితే ఇచ్చేవారే. అడగలేదు.

చివరి మార్పు తర్వాత గంగాప్రసాద్ గారు మళ్లీ రివ్యూ పెట్టారు. నా పక్కనే కూర్చుని ఒక్కో పొర తెరిపించి చూశారు.

ఆగస్టు 20

కొత్త ప్రాజెక్టు శారదకు ఇచ్చారు. నాకంటే ఆరేళ్లు చిన్న. నేను ఆమె లేఅవుట్ చెక్ చేస్తున్నాను. బాగానే చేస్తోంది.

అక్టోబర్ 14, చర్లపల్లి

చిప్స్ వచ్చాయి. టెస్ట్ ఇంజనీరు ఇంకా దొరకలేదు, నేనే అతికిస్తున్నాను. రెండు విరగ్గొట్టాను. యోహాను నోట్‌బుక్‌లు ల్యాబ్ అలమరాలోనే ఉన్నాయి. జిగురు ఎంత పరచాలో అందులో చూసుకున్నాను.

అక్టోబర్ 16

విరగని పది చిప్స్ పరీక్షించాను. కరెంటు పదింటిలోనూ కుదురుగా ఉంది. 6.1 దగ్గర ఏమీ లేదు. పవర్ అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే వచ్చింది. గంగాప్రసాద్ గారు వచ్చి తెర చూసి, నా భుజం తట్టి వెళ్లారు.

ఆ గ్రాఫును యోహానుకు పంపాను. నాలుగు నెలల్లో మొదటిసారి. కింద ఏమీ రాయలేదు. గంట తర్వాత జవాబు వచ్చింది.

"మైనస్ ముప్పైల చూసిండ్రా?"

చల్లబడితే ఈ చిప్స్‌కు బలం పెరుగుతుంది. మోగే గుణం ఏ మూలన ఉన్నా చలిలోనే బయటపడుతుంది. చూడలేదు. రిపోర్ట్ మీద సంతకం పెట్టడానికి పెన్ను తీసి ఉంచాను కూడా.

"లేదు" అని పంపాను.

"చూడుండ్రి" అన్నాడు. అంతే.

అక్టోబర్ 17

పొద్దున నుంచి కోల్డ్ చాంబర్ దగ్గరే ఉన్నాను. ఒక్కో చిప్‌ను చల్లబరచడానికి నలభై నిమిషాలు పడుతుంది. మొదటి ఆరూ నిలకడగా ఉన్నాయి. ఏడో దానిలో మైనస్ ఇరవై ఎనిమిది దగ్గర కరెంటు ఒక్కసారి దుమికి, మళ్లీ సర్దుకుంది. మళ్లీ వేడిచేసి మళ్లీ చల్లబరిచాను. మళ్లీ దుమికింది.

నా అతికింపులో లోపం కావచ్చు. డిజైన్‌లో కావచ్చు. ఈ ఒక్క చిప్‌దే కావచ్చు. ఏదో ఇంకా తెలియదు.

మూడు గంటల ఇరవై నిమిషాలకు రెండోసారి చూశాను. మూడున్నరకు గంగాప్రసాద్ గారి గదిలో ఉన్నాను.